జ్వాల ఆరినా నిలిచే వంపు: సూర్యుడి అయస్కాంత క్షేత్రం ఎక్కడ, ఎంత మారుతుంది

2011 ఫిబ్రవరి 15, మంగళవారం. విశాఖ ఆర్కే బీచ్ ఎదుట సూర్యుడు సముద్రంలోంచి లేచి అప్పటికి గంట అయింది. ఉదయపు నడకకు వచ్చినవాళ్లు ఇంటిదారి పట్టే ఆ వేళ, 7 గంటల 26 నిమిషాలకు, ఆ బింబం మీద ఎక్స్ 2.2 తరగతి సౌరజ్వాల ఒకటి పతాకస్థాయిని తాకింది. జ్వాలల్లో అన్నిటికంటే బలమైన తరగతి పేరు ఎక్స్. ఇసుకలో నడిచేవాళ్లకు ఎండలో ఏ తేడా తెలియదు. ఎంత పెద్ద జ్వాల వచ్చినా సూర్యుడి మొత్తం వెలుగు వెయ్యింట ఒక వంతు కూడా పెరగదు. మార్పు జరిగింది వేరే చోట. 11158 అని సంఖ్య వేసిన మచ్చల గుంపు నడుమ, వ్యతిరేక ధ్రువాలు ఒకదాన్నొకటి ఒరుసుకునే సన్నని గీత (తటస్థ రేఖ) వెంట, ఉపరితలానికి సమాంతరంగా ఉండే అయస్కాంత క్షేత్రం అరగంటలో దాదాపు 30 శాతం బలపడింది. జ్వాల ఆరిపోయింది. బలపడిన క్షేత్రం మాత్రం పాత స్థాయికి దిగలేదు.

ఇది ఎందుకు వింతో తెలియాలంటే జ్వాల ఎక్కడ పుడుతుందో చూడాలి. జ్వాల అని పేరు పెట్టుకున్నాం గానీ అక్కడ మండేదేమీ లేదు. కరోనాలో, అంటే కంటికి కనిపించే ఉపరితలానికి వేల కిలోమీటర్ల ఎత్తున, అయస్కాంత క్షేత్రంలో నిల్వ ఉన్న శక్తి కొద్ది నిమిషాల్లో వేడిగా, దూసుకుపోయే ఎలక్ట్రాన్లుగా, ఎక్స్ కిరణాలుగా మారిపోతుంది. అక్కడి ప్లాస్మా కోటి డిగ్రీలు దాటుతుంది. కానీ కరోనా ఎంత పలచనో చెప్పలేం: కింద ఉన్న ఉపరితలపు వాయువు దానికంటే కోటి రెట్లకు పైగా చిక్కన. పైన ఎంత రభస జరిగినా కింద దున్నపోతు మీద వాన కురిసినట్టే ఉంటుందని చాలాకాలం అనుకున్నారు. ఉపరితలం కదిలితే కరోనా కదలాలి తప్ప, కరోనా కదిలితే ఉపరితలం కదలడమేమిటి?

కదులుతుంది. ఎందుకో చూసే ముందు శక్తి నిల్వ సంగతి తేల్చుకోవాలి.

ఫిషింగ్ హార్బర్‌లో పడవలు కట్టే మోకును చూస్తే విషయం సగం అర్థమవుతుంది. మోకు రెండు కొసలూ పట్టుకుని వ్యతిరేక దిశల్లో తిప్పితే పురి ఎక్కుతుంది. దారాల సంఖ్య మారలేదు, కొత్త నార చేరలేదు, అయినా చేతులు పడ్డ కష్టమంతా మోకులో నిల్వ ఉంటుంది. ఒక కొస వదిలితే గిర్రున తిరిగి బయటపడుతుంది. సూర్యుడి మీద బలరేఖల రెండు కొసలూ ఉపరితలంలో పాతుకుని ఉంటాయి. మచ్చలు ఒకదాని పక్కనుంచి ఒకటి జరుగుతూ, ఒక్కోసారి తమ చుట్టూ తాము తిరుగుతూ, రోజుల తరబడి ఆ రేఖలకు పురి ఎక్కిస్తాయి. జ్వాలకు పనికొచ్చేది ఈ పురిలోని శక్తి మాత్రమే. పురి లేని సాదా క్షేత్రంలో ఉండే శక్తి ఎంత ఎక్కువైనా జ్వాలగా బయటికి రాదు. అందుకే "జ్వాలలో అయస్కాంత క్షేత్రం కాలిపోయింది" అని కొన్ని వార్తల్లో కనిపించే మాట సరికాదు. కొసలు పాతుకున్న రేఖలు పాతుకునే ఉంటాయి. వాటి మెలిక, వాటి జతలు మారతాయి.

అంత శక్తి నిజంగా అక్కడ పడుతుందా? లెక్క కష్టమేమీ కాదు. అయస్కాంత క్షేత్రం బలాన్ని గాస్‌లలో కొలుస్తారు. 300 గాస్ క్షేత్రం ఒక ఘనపు మీటరులో దాదాపు 360 జౌళ్ల శక్తిని పట్టి ఉంచుతుంది. చూడ్డానికి అదేమంత గొప్ప కాదు. కానీ ఒక్కో వైపు 30,000 కిలోమీటర్లుండే పెట్టెను ఊహించండి, పక్కపక్కన రెండు భూములు పట్టే పొడవు. ఆ పెట్టె మొత్తంలో ఒకటి పక్కన 25 సున్నాలన్ని జౌళ్లు ఉంటాయి. పెద్ద జ్వాల ఖర్చుపెట్టేది సుమారు అంతే. పరవాడ దగ్గరి సింహాద్రి థర్మల్ కేంద్రం తన 2,000 మెగావాట్ల పూర్తి సామర్థ్యంతో ఒక్క క్షణం ఆగకుండా నడిచినా అంత శక్తి పుట్టించడానికి దాదాపు 16 కోట్ల ఏళ్లు పడుతుంది. పురిలో ఉండేది మొత్తం నిల్వలో ఒక వాటా మాత్రమే కాబట్టి, నిజమైన జ్వాలకు ఇంకా పెద్ద పెట్టె గానీ ఇంకా బలమైన క్షేత్రం గానీ కావాలి. మచ్చల్లో 2,000 నుంచి 4,000 గాస్ ఉంటుంది. భూమి ఉపరితలం మీద మన దిక్సూచిని తిప్పేది అర గాస్ అటూ ఇటూ. ఎలా చూసినా పెట్టుబడికి కొరత లేదు.

కొరత వేగానికే. ప్లాస్మా విద్యుత్తును ఎంత బాగా ప్రసరింపజేస్తుందంటే, బలరేఖలు అందులో గడ్డకట్టినట్టు ఉండిపోతాయి. 10,000 కిలోమీటర్ల వెడల్పున్న కరోనా క్షేత్రం తనంతట తాను విద్యుత్ నిరోధం వల్ల సడలాలంటే 30 లక్షల ఏళ్లు కావాలి. జ్వాల పది నిమిషాల్లో పని ముగిస్తుంది. ఈ రెండు అంకెల మధ్య అగాధాన్ని పూడ్చేది పునఃసంధానం. ఎదురెదురు దిశల్లో ఉన్న రేఖలు ఒకదాని మీదికొకటి నెట్టుకొచ్చినప్పుడు వాటి నడుమ విద్యుత్ ప్రవాహం పలుచని రేకులా ఏర్పడుతుంది. రేకు పలచనయ్యే కొద్దీ సడలడానికి పట్టే కాలం వెడల్పు వర్గాన్ని బట్టి పడిపోతుంది. ఒక దశ దాటాక రేకు కూడా నిలవదు, ముక్కలై అయస్కాంత గుండ్లుగా విడిపోతుంది, పని ఇంకా వేగం అందుకుంటుంది. అక్కడ రేఖలు తెగి, ఎదుటివాటి ముక్కలతో అతుక్కుంటాయి. అలా అతుక్కున్న పై భాగం పైకి ఎగిరిపోవచ్చు. కింది భాగం పొట్టి వంపులుగా కిందికి ముడుచుకుంటుంది.

ఆ ముడుచుకోవడమే ఉపరితలాన్ని తాకుతుంది. 2000లో సౌర శాస్త్రవేత్త హ్యూ హడ్సన్ ఒక సూటి వాదన చేశాడు: కరోనాలో అయస్కాంత శక్తి తగ్గిందంటే ఆ చోట అయస్కాంత పీడనం తగ్గినట్టే, కాబట్టి చుట్టుపక్కల క్షేత్రం లోపలికి కుంగాలి. 2008లో ఆయనే జార్జ్ ఫిషర్, బ్రయాన్ వెల్ష్‌లతో కలిసి దాన్ని ఉపరితలం దాకా తీసుకొచ్చాడు. పైన మిగిలిన వంపులు కుంగితే, వాటి పాదాల దగ్గర నిటారుగా ఉన్న రేఖలు ఒరిగి పడుకుంటాయి. తటస్థ రేఖ దగ్గర సమాంతర క్షేత్రం పెరగాలి. 2011 ఫిబ్రవరిలో కనిపించింది సరిగ్గా అదే. నిలువు భాగం పెద్దగా మారలేదు, అడ్డం భాగం పెరిగింది. వాయువు చిక్కదనం అడ్డురాలేదా అంటే, రాదు: ఒరిగింది వాయువు కాదు, క్షేత్రం దిశ. మచ్చల్లో అయస్కాంత బలం వాయు పీడనంతో సరితూగుతుంది కాబట్టి పైనుంచి వచ్చిన తోపు కిందికి దిగగలదు. కొన్ని పెద్ద జ్వాలల్లో ఆ తోపు ఉపరితలం కిందికి అలలుగా పాకడం కూడా చూశారు. 1996 జులై 9 నాటి జ్వాల తర్వాత వలయాలుగా విస్తరించిన అలలు అలా గుర్తించిన మొదటి సూర్యకంపం. దాన్ని పుట్టించింది అయస్కాంత తోపా, ఎలక్ట్రాన్ల దెబ్బా అన్న తగువు ఇంకా తీరలేదు.

ఇక కొలత. ఇక్కడే అసలు తంటా, ఇక్కడే అసలు నైపుణ్యం.

సూర్యుడి మీద గాస్‌మీటరు పెట్టలేం. 1896లో పీటర్ జీమన్ గమనించిన ప్రభావమే ఆధారం: అయస్కాంత క్షేత్రంలో ఉన్న పరమాణువు వర్ణరేఖ, అంటే వెలుగును విడదీసినప్పుడు ఆ పరమాణువు గుర్తుగా కనిపించే సన్నని గీత, చీలుతుంది. 1908లో జార్జ్ ఎలరీ హేల్ మచ్చల్లో ఆ చీలిక చూసి, అవి అయస్కాంతాలని తేల్చాడు. సూర్యుడిని నిరంతరం గమనించే నాసా ఉపగ్రహం ఎస్‌డీఓలోని హెచ్‌ఎంఐ అనే అయస్కాంత క్షేత్రాన్ని చిత్రించే పరికరం ఇనుము పరమాణువు 617.3 నానోమీటర్ల రేఖను ఆరు తరంగదైర్ఘ్యాల దగ్గర తడిమి చూస్తుంది. 2,000 గాస్ క్షేత్రం ఆ రేఖ ముక్కను జరిపేది 0.009 నానోమీటర్లు మాత్రమే. భూమి చుట్టూ తిరిగే ఉపగ్రహం సూర్యుడి వైపు వచ్చేటప్పుడూ వెనక్కి పోయేటప్పుడూ సెకనుకు 3 కిలోమీటర్ల వేగం ఉంటుంది. ఒక్క ఆ వేగమే రేఖను 0.006 నానోమీటర్లు జరిపేస్తుంది. కొలవాల్సిన దానితో దాదాపు సమానమైన మోసం ఇది. ఎంత సరిదిద్దినా ఆ మోసం తాలూకు నీడ 24 గంటల ఆవృత్తితో దత్తాంశంలో మిగిలే ఉంటుంది. ఒక పూటంతా క్షేత్రం మెల్లగా పెరిగిందని సంబరపడే ముందు ముందురోజు అదే వేళ ఏం కనిపించిందో చూడాలి.

మన వైపు వచ్చే క్షేత్ర భాగాన్ని హెచ్‌ఎంఐ 45 సెకన్లకోసారి, సుమారు 10 గాస్ దోషంతో కొలుస్తుంది. మనకు అడ్డంగా ఉండే భాగం రేఖీయ ధ్రువణం నుంచి, అంటే వెలుగు ఒకే దిశలో కంపించే తీరు నుంచి, రావాలి; దాని సంకేతం బలహీనం, దోషం 100 గాస్ దాకా ఉంటుంది, అందుకే 12 నిమిషాల చిత్రాలను కలిపి ఇస్తారు. పైగా అడ్డం క్షేత్రం కుడికా ఎడమకా అన్నది ధ్రువణం చెప్పదు, 180 డిగ్రీల సందిగ్ధం మిగులుతుంది. దాన్ని గణితంతో తీర్చుకోవాలి. తప్పుగా తీరిస్తే చిత్రంలో పక్కపక్క చుక్కలు (పిక్సెళ్లు) ఎదురు దిశలు చూస్తుంటాయి, తెలిసినవాళ్లకు ఇట్టే కనిపిస్తుంది.

జ్వాల సమయంలో వచ్చే పెద్ద మోసం ఇంకొకటి. పైనుంచి దూసుకొచ్చిన ఎలక్ట్రాన్లు కింది పొరలను కాల్చినప్పుడు ఇనుము రేఖ మామూలుగా ఉండే నల్లని గుంట ఆకారం కోల్పోయి నిండిపోతుంది, ఒక్కోసారి తిరగబడి వెలుగు రేఖ అవుతుంది. పరికరం ఆ సంగతి ఎరగదు, గుంటే ఉందనుకుని లెక్క కడుతుంది. ఫలితంగా ఉత్తర ధ్రువం ఉన్న చోట నాలుగైదు నిమిషాలు దక్షిణ ధ్రువం ప్రత్యక్షమవుతుంది. ధ్రువం మారలేదు, రేఖ వేషం మార్చింది. నిజానిజాలు తేల్చే కొలబద్ద ఒకటే: ఎలక్ట్రాన్లు తాకిన చోట మెరిసే వెలుగు పట్టీలు ఆ చుక్క దాటిపోయాక విలువ పాత చోటికి వచ్చిందా, లేదా? వస్తే మాయ. కొత్త స్థాయిలోనే నిలబడితే మెట్టు, అంటే నిజమైన మార్పు. ప్రపంచంలో ఆరు చోట్ల, మన ఉదయ్‌పూర్‌తో సహా, ఏర్పాటైన గాంగ్ దూరదర్శినుల దత్తాంశంతో 2005లో సూడాల్, హార్వీ 15 ఎక్స్ తరగతి జ్వాలలను ఇలాగే జల్లెడ పట్టారు. అన్నిటిలోనూ మెట్లు దొరికాయి. చాలావరకు పది నిమిషాల లోపు పూర్తయినవి, 100 గాస్ అటూ ఇటూ ఉన్నవి.

ఆ మెట్లలో కొన్ని పైకి, కొన్ని కిందికి ఉండడం మొదట్లో చిరాకు పెట్టింది. కారణం ముఖ్యంగా చూసే కోణం. మచ్చల గుంపు బింబం నడుమ ఉన్నప్పుడు మన వైపు వచ్చే భాగం నిలువు క్షేత్రం. అంచుకు జరిగాక అదే కొలత అడ్డం క్షేత్రాన్ని చూపుతుంది. నిలబడ్డ రేఖ ఒరిగితే నడుమ తగ్గినట్టు, అంచున పెరిగినట్టు, ఆ రెంటికీ మధ్య ఉన్నప్పుడు ఒక ధ్రువం పెరిగి రెండోది తగ్గినట్టు కనిపిస్తుంది. జరిగిన పని ఒకటే. మూడు దిశల కొలత వచ్చాకే చిక్కు వీడింది.

కాలేజీ ప్రాజెక్టుగా దీన్ని విశాఖలో కూర్చుని చేయొచ్చు, టెలిస్కోపు అక్కర్లేదు. హెచ్‌ఎంఐ దత్తాంశం స్టాన్‌ఫర్డ్ సర్వర్ నుంచి ఉచితం, ఈమెయిల్ నమోదు చాలు. జ్వాల పతాకానికి ముందు రెండు గంటలు, తర్వాత రెండు గంటలు తీసుకుంటే 45 సెకన్ల చిత్రాలు 320 వస్తాయి; మొత్తం బింబం కాకుండా గుంపు చుట్టూ కత్తిరించిన ముక్కలు అడగడం మేలు, లేకపోతే ఇంటర్నెట్ మీద, డిస్కు మీద అనవసర భారం. మొదటి పని సూర్యభ్రమణాన్ని తీసేయడం. బింబం నడుమ ఉపరితలం సెకనుకు 2 కిలోమీటర్లు జరుగుతుంది, ఒక చుక్క వెడల్పు 360 కిలోమీటర్లు, అంటే గంటలో 20 చుక్కలు. ఇది మరిస్తే మచ్చ అంచు జరగడమే క్షేత్రం మార్పులా కనిపిస్తుంది. తర్వాత తటస్థ రేఖ దగ్గర ఒక్కో చుక్కకు కాలంతో క్షేత్రం గీసి, మెట్టు ఆకారపు వక్రరేఖను అమర్చాలి: ముందు స్థాయి, వాలు, మెట్టు ఎత్తు, మెట్టు పడ్డ సమయం, అది పట్టిన నిడివి. వాలును వదిలేసి మెట్టు ఒక్కటే అమర్చితే, రోజంతా మెల్లగా పెరిగే మామూలు క్షేత్రం కూడా మెట్టులా దొరుకుతుంది. చివరగా, జ్వాల సోకని ఇంకో మచ్చ మీద ఇదే పని చేసి చూడాలి. అక్కడా అదే నిమిషాన మెట్టు వస్తే తప్పు పరికరానిదో, రాసిన ప్రోగ్రాముదో.

అన్నిటికంటే ఎక్కువమంది బోల్తాపడేది గడియారాల దగ్గర. ఎక్స్ కిరణాల దత్తాంశం యూటీసీలో, అంటే అంతర్జాతీయ ప్రామాణిక కాలంలో, ఉంటుంది, మన గడియారం దానికి ఐదున్నర గంటలు ముందు, అది అందరికీ తెలిసిందే. హెచ్‌ఎంఐ చిత్రాలు మాత్రం పరమాణు కాలంలో ఉంటాయి. అది యూటీసీ కంటే 2011లో 34 సెకన్లు ముందుండేది, 2017 నుంచి 37. ఒక చిత్రం నిడివి 45 సెకన్లే, కాబట్టి ఇది పట్టించుకోకపోతే క్షేత్రం జ్వాల కంటే అర నిమిషం ఆలస్యంగా మారిందన్న "ఆవిష్కరణ" చేతికొస్తుంది. వెలుగు రావడానికి పట్టే 8 నిమిషాల 20 సెకన్లను మాత్రం ఎవరూ తీసివేయనక్కర్లేదు. ఎక్స్ కిరణాలైనా, ఇనుము రేఖైనా ఒకే వేగంతో వస్తాయి.

జ్వాల వేళను సొంతంగా పట్టుకోవాలనుకుంటే మేడ మీదే దారి ఉంది. తిరునెల్వేలి దగ్గరి నౌకాదళ ప్రసార కేంద్రం 18.2 కిలోహెర్ట్జ్ మీద సంకేతాలు పంపుతుంది. ఇక్కడికి సుమారు 1,200 కిలోమీటర్లు. మీటరు చదరపు చెక్క చట్రానికి 50 నుంచి 100 చుట్లు ఇనామెల్ రాగి తీగ చుట్టి, చిన్న ఆంప్లిఫయరుతో కంప్యూటరు సౌండ్‌కార్డుకు కలిపితే, 48 కిలోహెర్ట్జ్ నమూనా వేగం ఆ సంకేతానికి సరిపోతుంది. జ్వాల ఎక్స్ కిరణాలు 70 కిలోమీటర్ల ఎత్తున డీ పొరను, అంటే రేడియో అలలను ప్రతిఫలించే విద్యుదావేశపు గాలి పొరల్లో అట్టడుగుదాన్ని, గట్టిపరిచి కిందికి దింపుతాయి, సంకేతం నిటారుగా పెరిగి, తర్వాత గంట సేపు నింపాదిగా దిగుతుంది. ఒక్కోసారి పెరగకుండా తగ్గుతుంది. నేల వెంట వచ్చే అల, పైనుంచి ప్రతిఫలించే అల ఒకదాన్నొకటి కోసుకుంటే అలా జరుగుతుంది, అది లోపం కాదు. లోపం ఎక్కువగా ఇంట్లోనే ఉంటుంది: ఇన్వర్టరు, ఎల్‌ఈడీ దీపాల డ్రైవర్లు, మొబైల్ చార్జర్లు. చట్రాన్ని వాటి నుంచి పది మీటర్లు దూరం పెట్టి తిప్పి చూస్తే రొద తగ్గే కోణం దొరుకుతుంది. రాత్రి జ్వాలలు ఇక్కడ పట్టవు. 2024 అక్టోబరు 3న ఎక్స్ 9 జ్వాల మన సాయంత్రం 5:48కి పతాకానికి వచ్చేసరికి విశాఖలో సూర్యుడు అప్పుడే అస్తమించాడు. 1859 సెప్టెంబరు 1న ఇంగ్లండ్ ఖగోళ శాస్త్రవేత్త క్యారింగ్టన్ చూసిన తొలి జ్వాలకైతే ఇక్కడ పొద్దు ఇంకా మిగిలే ఉంది, సాయంత్రం ఐదు కావస్తోంది. గోడే వెంకట జగ్గారావు 1840లో డాబా గార్డెన్స్‌లో నెలకొల్పిన వేధశాల కూడా అప్పటికే ఉంది. ఆ జ్వాల సమయంలోనే లండన్ శివారు క్యూ (Kew) వేధశాలలో దిక్సూచి ముల్లు చిన్నగా ఉలిక్కిపడింది. ఆ ఉలికిపాటు సూర్యుడి క్షేత్రం ఇక్కడికి రావడం వల్ల కాదు, ఎక్స్ కిరణాలు మన గాలి పైపొరలో విద్యుత్ ప్రవాహాలను రేపడం వల్ల.

ఆదిత్య-ఎల్1 గురించీ ఇలాంటి పొరపాటే తరచు వినిపిస్తుంది. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి బయలుదేరిన ఆ నౌకలో మాగ్నెటోమీటరు ఉన్న మాట నిజం. 6 మీటర్ల చేతి కొసన ఉన్న అది కొలిచేది భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరాన తన పక్కనుంచి పోయే సౌరపవనపు క్షేత్రాన్ని. మచ్చల క్షేత్రాన్ని కాదు. జ్వాల వెలుగును పట్టేది అందులోని అతినీల కెమెరా, ఎక్స్ కిరణ పరికరాలు.

కరోనాలో క్షేత్రం నేరుగా తగ్గడం చూసింది వేరే దారిలో. 2017 సెప్టెంబరు 10న బింబం అంచున ఎక్స్ 8.2 జ్వాల వచ్చినప్పుడు కాలిఫోర్నియాలోని ఓవెన్స్ వ్యాలీ రేడియో దూరదర్శినుల సముదాయం వేగవంతమైన ఎలక్ట్రాన్ల సూక్ష్మతరంగాలను అనేక పౌనఃపున్యాల్లో చిత్రీకరించింది. ఆ వర్ణపటం ఆకారం నుంచి క్షేత్రం విలువ లాగారు: రెండు నిమిషాల పాటు సెకనుకు 5 గాస్ చొప్పున పడిపోయింది. ఉపరితలంలో 100 గాస్ మెట్టుకు పది నిమిషాలు పడితే పైన ఇరవై సెకన్లు చాలాయి.

అంత పడిపోయినా కొట్టు ఖాళీ కాదు. 11158లో పురి శక్తిని నమూనాలతో లెక్కగట్టిన వారి అంచనా ప్రకారం ఆ ఎక్స్ 2.2 జ్వాల వాడుకున్నది దాదాపు ఎనిమిదో వంతు. మచ్చలు జరుగుతూనే ఉంటే పురి మళ్లీ ఎక్కుతుంది, అందుకే ఒకే గుంపు వారం పాటు జ్వాల మీద జ్వాల విసురుతుంది. 2024 మేలో లద్దాఖ్ ఆకాశాన్ని ఎర్రబరచిన తుఫానుకు మూలమైన 13664 గుంపు అలాంటిదే. బింబం నడుమ ఉన్నన్నాళ్లూ దాని క్షేత్రాన్ని నిమిషం నిమిషం కొలిచారు. భూమి వైపు నుంచి కొలిచినవాటిలో దాని అతిపెద్ద జ్వాల, ఎక్స్ 8.7, మే 14న వచ్చింది. అప్పటికి ఆ గుంపు పడమటి అంచు దాటి అవతలికి జారిపోయింది, కొలవడానికి ఉపరితలం కనిపించలేదు.